నీళ్లు ఎక్కడిదాకా వస్తాయి?

(ఆస్టినాబాద్‌లో జరిగిన సిబ్బంది కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను మాట్లాడమన్నప్పుడు మన నిర్వాహకులు ఒక షరతు పెట్టారు. "ఏదైనా ఉపయోగపడేది చెప్పండి మేడమ్, వడ్డీ రేట్లు, టార్గెట్లు మాత్రం వద్దు" అన్నారు. ఆ రెండూ తీసేస్తే బ్యాంకు ఆఫీసరు దగ్గర ఏం మిగులుతుందా అని రెండు రోజులు ఆలోచించాను. ఒక ఫైలు మిగిలింది. ఈ ఏడాది నేను చూసిన ఒక లోను ఫైలు. ఖాతాదారు ఎవరో, ఊరేదో చెప్పను. మన వృత్తి ధర్మం మీకు తెలుసు. అయితే ఆ ఫైలు నాకు నేర్పింది మాత్రం ఇక్కడున్న ప్రతి కుటుంబానికీ పనికొస్తుంది. మనలో సగం మంది ఎక్కడో ఒకచోట స్థలం కొందామనో, ఊళ్లో పాత ఇల్లు పడగొట్టి కొత్తది కడదామనో లెక్కలు వేసుకుంటున్నవాళ్లమే కదా.

ముందుగా మనం కూర్చున్న నేల గురించి రెండు మాటలు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవుల్లో నూటికి పదమూడు మంది మాతృభాష తెలుగు. అందులో ఎక్కువమంది శ్రీకాకుళం వైపు నుంచి వలస వచ్చినవాళ్ల పిల్లలు, మనవలు. ఇక్కడి బజారులో "ఏటి బావా" అని వినపడితే నాకు సొంతూళ్లో ఉన్నట్టే ఉంటుంది. 2024 సెప్టెంబరులో ఊరి పేరు శ్రీ విజయపురం అయింది. పాతవాళ్లు ఇంకా పోర్ట్ బ్లెయిర్ అనే అంటారు. ఏ పేరుతో పిలిచినా ఈ నేలకు ఒక తారీఖు ఉంది. 2004 డిసెంబరు 26, ఆదివారం, ఉదయం ఆరున్నర. సునామీ అంటే మనకు అల గుర్తొస్తుంది. ఆ అల వచ్చింది, వెళ్లింది. వెళ్లనిది ఇంకొకటి ఉంది. ఆ భూకంపానికి దక్షిణ అండమాన్ నేల సుమారు ఒక మీటరు కిందికి కుంగింది. అదే భూకంపం ఉత్తర అండమాన్ వైపు నేలను పైకి లేపింది. అక్కడ పగడపు దిబ్బలు నీళ్లలోంచి బయటపడి ఎండిపోయాయి. దిగువన నికోబార్ చివర ఇందిరా పాయింట్ దగ్గర నేల నాలుగు మీటర్లకు పైగా దిగిపోయింది.

ఇది నమ్మడానికి పుస్తకాలు అక్కర్లేదు. ఇక్కడినుంచి బండి మీద సిప్పీఘాట్ వెళ్లి చూడండి. రోడ్డుకు పక్కన నీళ్లూ, నీళ్లలో మోడువారిన చెట్లూ, కొంగలూ కనిపిస్తాయి. పిల్లలు పిట్టల ఫొటోలు తీసుకుంటారు. అది ఒకప్పుడు వరిపొలం. నేల దిగిపోయాక సముద్రపు పోటు రోజూ లోపలికి రావడం మొదలైంది, పొలం పొలంగా మిగల్లేదు. ఆ పొలాలకూ పట్టాలు ఉండేవి, సర్వే నంబర్లు ఉండేవి, బహుశా పంట రుణాలూ ఉండే ఉంటాయి. కాగితాల్లో ఏ తప్పూ లేదు. కుంగింది నేల.

ఇక ఫైలు దగ్గరికి వస్తాను.

ఈ ఏడాది జనవరిలో ఒక పెద్దాయన మా బ్రాంచికి వచ్చారు. డెబ్బై దాటిన మనిషి. చిన్నప్పుడు పలాస దగ్గర పల్లె నుంచి తండ్రి వెంట పడవెక్కి వచ్చారట. ముందు చేపలు పట్టారు, తర్వాత చేపలు అమ్మారు, తర్వాత కిరాణా కొట్టు పెట్టారు. 1988లో సముద్రం ఒడ్డున ఇల్లు, ఇంటి ముందు కొట్టు కట్టుకున్నారు. నేను ఇక్కడికి బదిలీ మీద వచ్చిన కొత్తలో, మా సామాను ఓడలో ఇరుక్కుపోయి పది రోజులు రాకపోతే, గ్యాసు పొయ్యి, రెండు గిన్నెలు, ఒక బియ్యం బస్తా ఇంటికి పంపింది ఆయనే. డబ్బులిస్తానంటే "ఊరు కాని ఊర్లో మనోళ్లకి మనం కాకపోతే ఎవలమ్మా" అన్నారు.

ఆయన కొడుకు ఆ పాత ఇల్లు, కొట్టు పడగొట్టి, గ్రౌండ్ ఫ్లోరు మీద ఇంకో రెండంతస్తులు వేసి, పన్నెండు గదుల లాడ్జి కడతానన్నాడు. పర్యాటకులు పెరుగుతున్నారు, సముద్రం ఎదురుగా గది అంటే అద్దె రెట్టింపు. ఖర్చు కోటీ నలభై లక్షలు, మాదగ్గర అడిగింది తొంభై ఐదు లక్షలు. ప్రాజెక్టు రిపోర్టు రంగుల బొమ్మలతో చక్కగా ఉంది. స్థలం కాగితాలు శుభ్రం. పాత ఇంటికి అనుమతి ఉంది. వాల్యుయేషన్ బాగా వచ్చింది. లీగల్ ఒపీనియన్‌లో అభ్యంతరం లేదు. పెద్దాయన డిపాజిట్లన్నీ మాదగ్గరే. ముప్పై ఏళ్లలో ఒక్క చెక్కు వాపసు పోయిన మనిషి కాదు. పైగా మార్చి దగ్గరపడుతోంది. మార్చి అంటే మన ఇళ్లల్లో ఏం జరుగుతుందో, భర్తలు భార్యలతో, భార్యలు భర్తలతో ఎంత మాట్లాడతారో మీకు వేరే చెప్పనవసరం లేదు.

ఎంబీఏలో నాకు నేర్పిన పనంతా చేశాను. వడ్డీ ఒక శాతం పెరిగితే ఏమవుతుంది, గదులు డెబ్బై శాతం కాకుండా యాభై శాతమే నిండితే ఏమవుతుంది, కట్టడం ఖర్చు పది శాతం పెరిగితే ఏమవుతుంది అని మూడు రకాలుగా లెక్క వేశాను. మూడింటిలోనూ లోను తీరుతుంది. శాంక్షన్‌కు నోట్ రాయడం మొదలుపెట్టాను కూడా. సగంలో ఆగిపోయాను. ఎందుకాగానో చెప్పాలంటే నా తప్పు ఒకటి చెప్పుకోవాలి.

2016లో నేను విజయవాడలో లోన్ల ఆఫీసర్‌ని. ఒక స్కూలు టీచరమ్మ, ఆమె భర్త సింగ్‌నగర్ వైపు ఇల్లు కొనుక్కోవడానికి వచ్చారు. కాగితాలన్నీ చూశాను. ఏప్రిల్‌లో సైటుకు వెళ్లాను. ఎండ మండిపోతోంది, నేల బీటలు తీసి ఉంది. ఫొటోలు తీసి, సంతకం పెట్టించుకుని వచ్చేశాను. బుడమేరు అన్న మాట మా ఫైల్లో ఎక్కడా లేదు. బెజవాడ వాళ్లు దాన్ని దుఃఖదాయని అంటారని నాకు తెలుసు. 2005లో వచ్చిన వరద గురించి వినే ఉన్నాను. అయినా "ఇక్కడ నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయమ్మా" అని పక్కింటివాళ్లను ఒక్కమాట అడగలేదు. ఆ ఫారంలో అలాంటి గడి లేదు. గడి లేదు కాబట్టి నేను అడగలేదు.

2024 సెప్టెంబరు 1న ఏం జరిగిందో మీరంతా టీవీల్లో చూశారు. అప్పటికి నేను ఇక్కడున్నాను. నాలుగు రోజుల తర్వాత ఆ టీచరమ్మ ఫోను చేశారు. ఎనిమిదేళ్ల తర్వాత కూడా నా నంబరు దాచుకున్నారు. గ్రౌండ్ ఫ్లోర్లో స్విచ్ బోర్డుల పైదాకా నీళ్లు వచ్చాయట. మేడ మీద మూడు రాత్రులు గడిపారట. నన్ను ఒక్క మాట అనలేదు. "మేడమ్, ఈ నెల వాయిదా కొంచెం ఆలస్యమవుతుంది, మా బ్రాంచివాళ్లకు మీరొక మాట చెప్పగలరా" అని అడిగారు. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది.

అందుకే శాంక్షన్ నోట్ పక్కన పెట్టి, కేలండర్ తీశాను. జనవరి 29, చొల్లంగి అమావాస్య. మన గోదావరి జిల్లాల్లో ఆ రోజు సముద్రస్నానానికి వెళతారు. నేను యాభై మీటర్ల టేపు పట్టుకుని ఆ పెద్దాయన ఇంటికి వెళ్లాను. అమావాస్యకు, పౌర్ణమికి పోటు ఎక్కువగా ఉంటుందని ఒడ్డున పుట్టిన ప్రతి పిల్లవాడికీ తెలుసు. ఎంబీఏ చదివిన నేను మాత్రం అంతకు ముందు ఆ స్థలాన్ని చూసింది మధ్యాహ్నం, నీళ్లు వెనక్కి పోయి ఉన్నప్పుడు!

ఫైల్లో ఉన్న స్థలం పటం 2003లో గీసింది. అందులో ఇంటి ముందు స్తంభం నుంచి పోటు గీతకు అరవై రెండు మీటర్లు అని రాసి ఉంది. పోటు నిండే వేళకు నేను, పెద్దాయన మనవడు టేపు పరిచాం. ముప్పై ఒకటి. సరిగ్గా సగం. గాలి లేని, వాన లేని రోజు అది. వానాకాలంలో గాలి తోడైతే ఆ ముప్పై ఒకటీ ఉండదు.

ఇంటి పెరట్లో బావి ఉంది. తాగి చూడమన్నాను మనవణ్ని. నవ్వి, "ఉప్పు ఆంటీ, నేను పుట్టినప్పటినుంచీ ఉప్పే" అన్నాడు. వాడి నాయనమ్మ మాత్రం కొత్తకోడలిగా వచ్చినప్పుడు ఆ బావి నీళ్లతోనే పప్పు ఉడికించేదట. 2003 పటంలో "మంచినీటి బావి" అని ఉంది. వెనకాల కొండ వాలు నుంచి ఒక నాలా వచ్చి ఇంటి పక్కనుంచి సముద్రంలో కలుస్తుంది. కొత్త ప్లానులో ఆ నాలాను పైపులో పెట్టి, పైన స్లాబు వేసి, కార్లు నిలుపుకునే చోటు చూపించారు. ఇక్కడ ఏడాదికి సుమారు మూడు వేల మిల్లీమీటర్ల వాన. కొండ మీద కుండపోతగా కురిసినప్పుడు సముద్రం పోటు మీదుంటే నాలా నీళ్లు ఎటు పోతాయి? "నీరు పల్లమెరుగు" అన్నారు పెద్దలు. ఆ పల్లంలో మనం కార్ల షెడ్డు వేస్తున్నాం.

ఆ సాయంత్రం నుంచి నిబంధనలు చదవడం మొదలుపెట్టాను. ఇక్కడ కొంచెం ఓపిక పట్టండి, త్వరగా చెప్పేస్తాను.

మన దేశంలో సముద్రతీరం మీద కట్టడాలకు 1991 ఫిబ్రవరిలో మొదటిసారి తీర నియంత్రణ నోటిఫికేషన్ వచ్చింది. అప్పట్లో అండమాన్, లక్షద్వీప్ దీవులకు ప్రత్యేక తరగతి పెట్టారు. పోటు గీత నుంచి 200 మీటర్లలోపు కొత్త భవనం కట్టకూడదు. 200 నుంచి 500 మీటర్ల మధ్య కడితే రెండంతస్తులకు, తొమ్మిది మీటర్ల ఎత్తుకు మించకూడదు. బీచి ఇసుక, పగడపు రాయి కట్టడానికి వాడకూడదు. 2011లో దీవులకు విడిగా నోటిఫికేషన్ తెచ్చారు. 2019 మార్చిలో దాన్ని మార్చి ఇప్పుడున్నది తెచ్చారు. దీవి పరిమాణాన్ని బట్టి, ఆ చోటు పట్టణమా పల్లా, మడ అడవి ఉందా పగడాలున్నాయా అన్నదాన్ని బట్టి నియమం మారుతుంది. కాబట్టి "ఇన్ని మీటర్లు వదిలితే చాలు" అని ఎవరైనా నోటిలెక్క చెబితే నమ్మకండి. ఆమోదం పొందిన తీర పటంలో మన సర్వే నంబరు ఏ తరగతిలో పడిందో చూడాలి, తీర నిర్వహణ సంస్థ నుంచి రాతపూర్వకంగా అనుమతి ఉండాలి.

పోటు గీత అంటే ఏమిటో కూడా ఆ నోటిఫికేషన్లలోనే ఉంది. అమావాస్య, పౌర్ణమి పెద్ద పోట్లకు నీరు నేల మీద ఎంతవరకు వస్తుందో అదే పోటు గీత. దాన్ని గుర్తించి పటాల మీద చూపించే అధికారం కేంద్ర ప్రభుత్వం నిర్ణయించిన సంస్థలది. నా టేపుకు చట్టంలో విలువ లేదు. ఆ సంగతి నాకూ తెలుసు. కానీ నా టేపు ఒక ప్రశ్న అడిగింది. ఈ ఫైల్లో ఉన్న గీత సునామీకి ముందుదా, తర్వాతదా? మిగతాదంతా ఆ ప్రశ్న మీదే ఆధారపడి ఉంది.

పాత కట్టడం ఉన్నచోట కొత్తది కట్టడం గురించి కూడా చాలామందికి ఒక అపోహ ఉంది. "ఇప్పటికే ఇల్లుంది కదా, అదే చోట కడితే ఎవరేమంటారు" అంటారు. తీర నియమాల్లో ఎప్పటినుంచో ఉన్న పద్ధతి ఏమిటంటే, పాత కట్టడం అనుమతితో కట్టినదై ఉండాలి. దాన్ని తిరిగి కట్టినా వాడకం మారకూడదు. కొత్తది పాత కట్టడానికో, ఉన్న రోడ్డుకో నేలవైపు ఉండాలి గానీ సముద్రం వైపుకు జరగకూడదు. మన ఫైల్లో ఇల్లు కాస్తా లాడ్జి అవుతోంది. బాల్కనీలు, రెస్టారెంటు డెక్కు సముద్రం వైపు తొమ్మిది మీటర్లు ముందుకు జరిగాయి. తీర నిర్వహణ సంస్థ ఉత్తరం ఫైల్లో లేదు. పురపాలక అనుమతికి పెట్టుకున్న దరఖాస్తు రసీదు మాత్రం ఉంది.

"ఒక సంస్థ అనుమతి ఉంటే చాలదా" అంటే కొచ్చి పక్కన మరడు గుర్తు తెచ్చుకోండి. అక్కడ నీటి ఒడ్డున నాలుగు అపార్ట్‌మెంట్ సముదాయాలకు స్థానిక పంచాయతీ అనుమతులు ఇచ్చింది. తీర నిర్వహణ సంస్థ అనుమతి లేదు. 2019 మేలో సుప్రీంకోర్టు కూల్చమంది. 2020 జనవరి 11, 12 తేదీల్లో మందుగుండు పెట్టి కూల్చేశారు. మూడు వందలకు పైగా కుటుంబాలవి ఆ ఫ్లాట్లు. రిజిస్ట్రేషన్ కాగితాలున్నాయి, పన్ను రసీదులున్నాయి, చాలామందికి బ్యాంకు లోన్లున్నాయి. ఫ్లాటుకు పాతిక లక్షలు తాత్కాలిక పరిహారం ఇప్పించారు. టీవీలో ఆ భవనాలు కొన్ని క్షణాల్లో కూలడం చూసినప్పుడు నాకు ఆ దుమ్ములో ఈఎంఐలు కనిపించాయి.

వరదల సంగతీ అంతే. నదుల వరద మైదానాల్లో ఎక్కడ కట్టవచ్చు, ఎక్కడ కట్టకూడదు అని తేల్చడానికి కేంద్ర జల సంఘం 1975లోనే ఒక నమూనా చట్టం తయారుచేసి రాష్ట్రాలకు పంపింది. యాభై ఏళ్లయింది. చట్టంగా చేసుకున్న రాష్ట్రాలను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. కాబట్టి నియమం ఉన్నచోట నియమం చూడాలి. నియమం లేనిచోట నీటి జాడ చూడాలి. రెండూ చూడాల్సింది మనమే.

బ్యాంకుల మీదా బాధ్యత పెరుగుతోంది. ఆమోదించిన ప్లాను, దాని ప్రకారమే కడతానన్న హామీపత్రం లేకుండా ఇంటి లోను ఇవ్వవద్దని 2006లోనే రిజర్వ్ బ్యాంక్ చెప్పింది. 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు, భవనం మీద లోను ఇచ్చేముందు పూర్తయిన ధ్రువపత్రం, నివాసయోగ్య పత్రం చూడాలని స్పష్టం చేసింది. మా నోట్ రాసేటప్పటికి ఆ తీర్పు వచ్చి నెలన్నర కూడా కాలేదు.

ఇవన్నీ చదువుకుని, పెద్దాయన ఇంటికి వెళ్లాను. బ్రాంచికి పిలిపించి చెప్పాలనిపించలేదు. బియ్యం బస్తా గుర్తొచ్చింది.

నేను చెప్పిందంతా ఆయన మౌనంగా విన్నారు. కొడుకు మాత్రం ఊరుకోలేదు. "మేడమ్, పక్క బీచిలో పెద్ద పెద్ద హోటళ్లు కట్టారు కదా, వాళ్లకి లేని రూలు మాకెందుకు?" అన్నాడు. వాళ్ల ఫైళ్లు నేను చూడలేదని చెప్పాను. అది జవాబు కాదని నాకూ తెలుసు. అప్పుడు పెద్దాయన అన్నారు:

"అమ్మా, కట్టకూడదంటన్నావు. ఈ నేల అమ్ముదామంటే ఎవడు కొంతాడు? సునామీలో పడవ పోనాది, బావి పోనాది. మిగిలింది ఇదొక్కటే. దీనిమీద అప్పు పుట్టదని నువ్వు కాగితం రాస్తే, ఇదీ పోయినట్టే కదా?"

నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ సరైన జవాబు దొరకలేదు. మన నిబంధనలు చిన్నవాడి నేలను రాత్రికి రాత్రి విలువ లేనిదిగా చేయగలవు. వాటిని అమలు చేసేవాళ్లం మనం. ఆ బరువు తెలియకుండా "నాట్ రికమెండెడ్" అని రాయకూడదని ఆ రోజు అర్థమైంది. కానీ రాయకపోతే? తొంభై ఐదు లక్షలకు హామీ ఆ నేలే. ఆ ఒడ్డున పన్నెండు గదుల్లో రాత్రి నిద్రపోయే ముప్పై మందికి ఆ పటంలో సగం మీటర్లు లేవని ఎవరు చెబుతారు? నేను ఆయనతో ఒక్కటే అన్నాను. "బాబాయ్, ఒకసారి నేను చూడకుండా సంతకం పెట్టాను. ఆ ఇంట్లో స్విచ్ బోర్డు పైదాకా నీళ్లు వచ్చాయి. మీ ఇంటికి మళ్లీ అలా పెట్టలేను."

లోను తిరస్కరించలేదు. మూడు ప్రశ్నలు రాసి వాపసు ఇచ్చాను. ప్రస్తుత తీర పటం ప్రకారం పోటు గీత ఎక్కడ, ఈ స్థలం ఏ తరగతి? వాడకం మార్పుకు, సముద్రం వైపు విస్తరణకు తీర నిర్వహణ సంస్థ అనుమతి ఉందా? నాలాను మూయడానికి ఎవరు ఒప్పుకున్నారు? ఈ మూడింటికీ జవాబులు వస్తే ఫైలు మళ్లీ తెరుస్తానని రాశాను. ఏ కార్యాలయానికి, ఏ కాగితాలతో దరఖాస్తు పెట్టాలో ఒక చీటీ రాసిచ్చాను. దరఖాస్తు నింపడానికి ఒక ఆదివారం వాళ్లింట్లో కూర్చున్నాను.

మార్చిలో మా టార్గెట్ తగ్గింది. సమీక్షలో నాకు పడాల్సినవి పడ్డాయి. ఏప్రిల్‌లో కొడుకు వచ్చి ఒక పెద్ద డిపాజిట్ మూసేసి తీసుకెళ్లాడు. పెద్దాయన రాలేదు. దారిలో కనిపిస్తే తల తిప్పుకోలేదు గానీ, మాటా కలపలేదు. మా ఆయన "నువ్వు చేసింది సరైనదే" అని ధైర్యం చెప్పారు. సరైనదైనా, కొన్ని నెలలు ఆ వీధిలోంచి వెళ్లాలంటే నాకు కాళ్లు రాలేదు.

వానాకాలం మొదట్లో జవాబు వచ్చింది. ఉన్న కట్టడాన్ని ఉన్నంత మేరకు బాగుచేసుకోవచ్చు. వాడకం మార్చడానికి, ముందుకు జరపడానికి వీల్లేదు. నాలా తెరిచే ఉంచాలి. కొడుకు ఎనిమిది లక్షలు లోను అడిగాడు. పైకప్పు మార్చాడు, ఇంటి గచ్చు రెండడుగులు లేపాడు, కరెంటు బోర్డులు నడుముపైకి ఎత్తించాడు. కొండవైపు రోడ్డు మీద ఒక గది అద్దెకు తీసుకుని పర్యాటకులకు స్కూటర్లు అద్దెకిస్తున్నాడు. లాడ్జి అంత లాభం కాదు. ఆ మాట దాచను.

ఇక ఇంట్లో పెద్దవాళ్లు, స్థలాలు కొనబోయేవాళ్లు గుర్తుపెట్టుకోవాల్సినవి చెప్పి ముగిస్తాను. రిటైరయ్యేవాళ్లు భీమిలి, భోగాపురం వైపు సముద్రం కనపడే ప్లాటు అంటే ఆగడం లేదని నాకు తెలుసు. అందుకే ఇవి చెబుతున్నాను.

మొదటిది, స్థలాన్ని రెండుసార్లు చూడండి. సముద్రం, కాలువ, చెరువు దగ్గరలో ఉంటే ఒకసారి అమావాస్యకో పౌర్ణమికో పోటు వేళకు, ఒకసారి గట్టి వాన కురిసిన మర్నాడు. పోటు వేళల పట్టికలు సర్వే ఆఫ్ ఇండియా ప్రతి ఏడాదీ వేస్తుంది.

రెండవది, పక్కింటి ముసలమ్మను అడగండి. "నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయి" అని ఒక్క ప్రశ్న. బ్రోకరు చెప్పనిది ఆమె గోడమీద వేలు పెట్టి చూపిస్తుంది. బావి నీళ్లు రుచి చూడండి.

మూడవది, పటం మీద తారీఖు చూడండి. ఈ దీవుల్లో 2004 డిసెంబరుకు ముందు గీసిన పటమైతే ఆ గీతను నమ్మి డబ్బు పెట్టకండి.

నాలుగవది, పంచాయతీ లేదా పురపాలక అనుమతి వేరు, తీర నిర్వహణ సంస్థ అనుమతి వేరు. ఒకటుంటే రెండోది ఉన్నట్టు కాదు. "లోను వస్తోంది కాబట్టి అంతా సరిగా ఉన్నట్టే" అని మాత్రం అనుకోకండి. లోను ఇచ్చేది నాలాంటి మనుషులే. నా విజయవాడ కథ మీరు ఇప్పుడే విన్నారు.

ఐదవది, బీమా. 2021 ఏప్రిల్ నుంచి ఇళ్లకు భారత్ గృహ రక్ష అనే ప్రామాణిక పాలసీ ఉంది. వరద, తుపాను, భూకంపం, సునామీ అన్నీ దానిలో కలిసే ఉంటాయి. మనం దశాబ్దాలపాటు భూకంప పటంలో ఐదో జోన్‌లో ఉంటూ వచ్చాం. ఇంటి మీద లోను తీరగానే బీమా కూడా మానేసే అలవాటు మనలో చాలామందికి ఉంది. లోను బ్యాంకుది, ఇల్లు మీది కదా.

కిందటి నెల, నవంబరులో, పింఛనుదారుల లైఫ్ సర్టిఫికెట్ల రద్దీ మీకు తెలుసు. ఒకరోజు తల ఎత్తేసరికి నా టేబులు ముందు ఆ పెద్దాయన కూర్చుని ఉన్నారు. సర్టిఫికెట్ ఆయనది కాదు, ప్రభుత్వ పింఛను తీసుకునే తమ్ముణ్ని తీసుకొచ్చారు. వేలిముద్ర పని అయ్యేదాకా ఏమీ మాట్లాడలేదు. లేచేముందు మాత్రం, టేబులు మీద నా పెన్నుతో ఆడుకుంటూ అన్నారు. "మొన్న పున్నమికి నీళ్లు ముందర మెట్టు తడిపాయమ్మా."

నేను ఏమనాలో తెలియక "కాఫీ తాగుతారా బాబాయ్" అన్నాను. "సక్కెర తక్కువ" అన్నారు.

అక్కడ వడల వాసన వస్తోంది, పిల్లలు ఇంక ఆగేట్టు లేరు.